జోజప్ప లావెక్కిన క్రిస్మస్

ఒకే క్రిస్మస్ పాకని రెండేండ్లలో రెండుసార్లు పాడుచేసిన మనిషిని మీరెప్పుడన్నా చూసుండారా? చూడకపోతే ఇదో, నేనే. మొదటిసారి ఆ పనికి నాకు ఒక గంట పట్టింది. రెండోసారి ఐదు దినాలు పట్టింది, ఎందుకంటే రెండోసారి నేను తెలివి వాడినాను. తెలివి లేకుండా చేసిన తప్పు ఇంట్లోనే ఉండిపోయింది గానీ, తెలివి వాడి చేసిన తప్పుని చూడను వీధంతా వచ్చింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అప్పుడు నవ్వినోళ్ల ముందర మీ నవ్వొక లెక్కలోకి రాదు.

నా పేరు సుగుణ. కాపురం మదనపల్లెలో, పని పుంగనూరు పక్కన ఒక బడిలో, టీచరుగా. పొద్దున బస్సెక్కి పోతాను, సాయంత్రం బస్సెక్కి వస్తాను. పుట్టిల్లు తంబళ్లపల్లె దగ్గర. మెట్టచేను, చెనక్కాయలు, ఉలవలు, నాలుగు గొర్రెలు. మేమూ చర్చికి పోయేవాళ్లమే గానీ మా పక్క బొమ్మలు పెట్టే అలవాటు లేదు. క్రిస్మస్ అంటే ఇంటిమీద నక్షత్రం, కొత్త గుడ్డలు, పాటలు, అంతే.

మా ఆయన రాయప్పది కుప్పం. వాళ్లు క్యాథలిక్కులు. వాళ్ల వీధిలో ఉండే చిన్న చర్చిలో క్రిస్మస్‌కి పశువుల పాక పెడతారు. తాటాకులతో చిన్న పాక కట్టి, లోపల మరియమ్మ, ఆమె పెనిమిటి జోజప్ప, గొర్రెల కాపరులు, దూరం నించి వచ్చిన ముగ్గురు రాజులు, ఆవు, గాడిద, గొర్రెలు, అందరినీ బొమ్మలుగా నిలబెడతారు. మధ్యలో గడ్డిమీద బాలయేసు. ముప్పై ఏండ్లుగా ఆ పాక పెట్టేది మా అత్త అంతోనమ్మ.

మా అత్త కూలికి పోయి కొడుకుని చదివించిన మనిషి. ఆమెకి అక్షరం రాదు. చర్చిలో పాటలు పాడదు, వాక్యం చదవదు, కమిటీలో లేదు. ఆ చర్చిలో ఆమెకంటూ ఉండే చోటు ఆ పాక ఒక్కటే. డిసెంబరు పుట్టిందంటే ఫాదరు మొదలుకొని చంటిపిల్లోళ్ల దాకా అందరూ ఆమెని అడుగుతారు, పాక ఎప్పుడు కడతావని. ఇది మీరు బాగా మనసులో పెట్టుకోవాల, నేను చెయ్యిపెట్టింది దీంట్లోనే.

పెళ్లయి మొదటి క్రిస్మస్. అత్త తాటాకుల కోసం పోతా పోతా, "బొమ్మలు కొంచెం శుభ్రం చేసి పెట్టమ్మా సుగుణా" అనింది. ట్రంకుపెట్టెలో పాత చీరపేలికల్లో చుట్టిపెట్టిన బొమ్మలు పంతొమ్మిది ఉండాయి. నాకు శుభ్రమంటే సబ్బునీళ్లే. పెద్ద టబ్బు నిండా నీళ్లు పట్టి, సబ్బుపొడి కలిపి, అందరినీ దాంట్లో మునగేసినాను. ఒక గంట నానితే మురికి దానంతటదే పోతాదని లోపలికి పోయి టీ పెట్టుకున్నాను.

అవి కాల్చిన బొమ్మలు కావంట. మా అత్త కాపురానికి వచ్చిన కొత్తలో ఒక కుమ్మరాయన పచ్చిమట్టితో చేసి, ఎండబెట్టి, రంగులేసి యిచ్చినవంట. గంట తర్వాత టబ్బులో చెయ్యిపెట్టి దేవులాడితే గాడిద చెవి కూడా దొరకలేదు. అడుగున ఎర్రమన్ను, పైన నురగ.

అత్త వచ్చింది. టబ్బు చూసింది. నేను పక్కన నిలబడి ఏడస్తాండాను. ఆమె ఆ నీళ్లు తీసుకపోయి కనకాంబరం చెట్లకి పోసి, టబ్బు కడిగి బోర్లించి, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగింది. మా అమ్మయితే వీధి చివరకి వినపడేట్టు తిట్టి, సాయంత్రానికి మర్చిపోయుండు. ఈమె తిట్టలేదంటే నన్ను ఇంకా ఇంటికొచ్చిన చుట్టంగానే చూస్తాండాది. చుట్టాలనెవురు తిడతారు?

ఆ యేడు పాకలో క్యాలెండరు బొమ్మ ఒకటి అట్టకి అంటించి నిలబెట్టినాము. పూజ అయినాక చర్చి కమిటీ పెద్ద ఇన్నాసప్ప మా అత్త దగ్గరికి వచ్చినాడు. మంచాయన, మాట మెత్తన. "పెద్దమ్మా, నీకూ వయసైంది. వచ్చే యేడు బెంగుళూరు నించి ఫైబరు బొమ్మల సెట్టు తెప్పిస్తాము. లైట్లు, మ్యూజిక్కు అన్నీ దాంట్లోనే ఉంటాయి, స్విచ్చు వేస్తే చాలు. నువ్వు హాయిగా కూర్చుని చూద్దువు" అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పినాడు. అత్త మొహం మాత్రం ఉండే ఇల్లు ఖాళీ చెయ్యమన్నట్టు అయిపోయింది.

నా నోరు అప్పుడు తెరుచుకునింది. ఫైబరు బొమ్మలు వద్దండి, నేను ఊలుతో అల్లి యిస్తాను, పంతొమ్మిదీ అల్లుతాను అని చెప్పేసినాను. నాకు అల్లికలో ఉండే అనుభవమల్లా ఫోన్లో ఎవరో ఊలుకుందేలుని అల్లతాంటే రెండు నిమిషాలు చూసింది. అది కూడా చివరిదాకా చూడలేదు.

ఇన్నాసప్ప అత్తని చూసినాడు. అత్త నన్ను చూసింది. చూసి, ఆయన పక్కకి తిరిగి చెప్పింది. "మా కోడలు చేస్తానంటాండాది గదప్పా. ఒక్క యేడు ఆగండి. దానిది బాగలేకపోతే మీ బొమ్మలే పెట్టుకోండి. నేనింక పాక ఊసెత్తను."

అట్ల నా నోటిదూల మీద మా అత్త తన ముప్పై ఏండ్ల పాకని పందెం కాసింది.

నాకు గురువు పుంగనూరు బస్టాండు వెనక ఊలు, లేసులు, గుండీలు అమ్మే నూర్జహాన్ ఆపా. అంగడిలో కూర్చోనే, పసిపిల్లల సాక్సులు, టోపీలు అల్లతా ఉంటాది. ఆమె నా చేతికి క్రోషా సూది యిచ్చింది. సూదంటే గుడ్డలు కుట్టేది కాదు, మొనకాడ చిన్న కొక్కెం ఉండే కమ్మీ. దాంతో ఊలుని ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చుగా లాగతా గుండ్రంగా పోతే సంచి మాదిరి పెరగతాది. లోపల దూది కూరి మూతి బిగిస్తే బొమ్మ. వినడానికి ఇంతే. మూడు వారాలు కష్టపడి నేను నా మొదటి గొర్రెని అల్లి తీసుకపోతే ఆపా దాన్ని తిప్పితిప్పి చూసి, వంకాయ శానా బాగా వచ్చిందమ్మా అనింది.

బడికి పోయే బస్సులో, వచ్చే బస్సులో అల్లినాను. అల్లికలో ఒక చిక్కుండాది, మనసులో ఉండేది చేతిలోకి వచ్చేస్తాది. మరియమ్మని అల్లినప్పుడు మా బడిలో తనిఖీ జరగతాండాది. ఆ వారమంతా నేను ఊలుని పగోణ్ణి లాగినట్టు లాగినాను. జోజప్పని దసరా సెలవుల్లో తీరిగ్గా పడుకోని అల్లినాను. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే మరియమ్మ జోజప్ప మోకాలి కాడికి వచ్చింది. ఆపా నవ్వి, "కోపంలో అల్లితే బొమ్మ కుంచించుకపోతాదమ్మా, ఇంటి బాధలు దీనిమీద చూపియ్యకూడదు" అనింది. మరియమ్మని మొత్తం విప్పి మళ్లీ అల్లినాను. ఆవు కూడా గొర్రెకంటే ఒక వేలెడే ఎత్తుగా వచ్చింది గానీ దాన్ని విప్పలేదు. అది పుంగనూరు ఆవు అని చెప్పేసినాను. పుంగనూరు ఆవు పొట్టిదని అందరికీ తెలుసు, ఈ పక్క మనిషెవరూ దానికి అడ్డం చెప్పలేదు.

నవంబరు ఆఖరికి పంతొమ్మిది మందీ తయారైనారు. వాళ్లని బల్లమీద వరసగా నిలబెట్టి, కండ్లనిండా చూసుకుందామని ఫ్యాను వేసినాను. ముగ్గురు రాజులూ ఒకేసారి బోర్లా పడినారు. వాళ్లని లేపేలోపల జోజప్ప పడినాడు. కాపరులు ఒకరిమీద ఒకరు పడినారు. దూదిబొమ్మలకి బరువేదీ? మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తా, వీళ్లంతా ప్రయాణం చేసి అలిసిపోయినట్టుండారు అన్నాడు. ఆ మాటకి ఆయన ఆ పూట కాఫీ లేకుండా బయటికి పోయినాడు.

ఆపాని అడిగితే అడుగున గులకరాళ్లు పెట్టమనింది. పెట్టినాను. బొమ్మ నిలబడింది గానీ రాళ్లు అల్లికలోంచి బుడిపెలుగా తోసుకోని వచ్చినాయి. జోజప్ప కడుపులో రాళ్ల జబ్బుతో ఆపరేషను కోసం కాచుకోనుండే మనిషి మాదిరి అయినాడు. రాళ్లు తీసేసినాను. చిన్నగా, నున్నగా, బరువుగా ఉండేది ఏదన్నా కావాల. అప్పుడు నా చూపు వంటింట్లో మూలనుండే ఉలవల మూట మీద పడింది.

ఎంత చక్కగా కుదిరిందో మీకు చెప్పలేను. చిన్న గింజ, చదునుగా ఉంటాది, ఏ మూలకి పోయమంటే ఆ మూలకి పోతాది, అల్లిక బయటికి ఒక్క బుడిపె కనపడదు. ఒక్కొక్క బొమ్మకి అడుగున పిడికెడు ఉలవలు, పైన దూది. ఆవుకి, గొర్రెలకి కాళ్లు బలంగా ఉండాలని నిండా ఉలవలే. ఎగిరే దేవదూతకి, పండుకునే బాలయేసుకి మాత్రం బరువుతో పనిలేదని దూది ఉంచినాను. ఫ్యాను ఐదులో పెట్టినాను. ఒక్కడూ కదల్లేదు.

మా ఆయన మూట చూసి, అవి మీ నాయన విత్తనానికి ఏరి పెట్టినవి గదా అని అడిగినాడు. అవును, మా నాయన పుచ్చు ఒకటి లేకుండా గింజ గింజా ఏరి, వేపాకు వేసి, వచ్చే వానలకి చల్లుకోవాలని మా ఇంట్లో దాచిపెట్టిన విత్తనాలవి. విత్తనాలైతే ఏమి, గింజలే గదా, పండగైనాక మళ్లీ తీసి మూట కడతాను అని చెప్పినాను. సైన్సు చెప్పే టీచరమ్మ చెప్పిన మాట ఇది. మీరు ఇక్కడ కొంచెం ఆగి, నన్ను చూసి నవ్వి, తర్వాత ముందుకు రండి.

క్రిస్మస్ ముందర ఆదివారం బొమ్మల్ని సంచిలో పెట్టుకోని కుప్పం పోయినాము. అత్త ఒక్కొక్కరినీ చేతిలోకి తీసుకోని, కండ్ల దగ్గరికి పెట్టుకోని చూసింది. ఆమెకి చూపు కొంచెం మసక. జోజప్ప గడ్డాన్ని వేలితో నిమిరింది. బాగుండాడమ్మా అనింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన్ని అరచేతిలో పెట్టి బరువు చూసి, "ఏం పోసినావు లోపల?" అని అడిగింది.

అప్పుడే చెప్పింటే ఈ కథ ఆడికే అయిపోయుండు. నేను చెప్పలేదు. "అది రహస్యం అత్తా" అన్నాను, కొంచెం తల ఎగరేసి. నాకొక్కదానికే తెలిసిన గొప్ప ఉపాయమని నా పొగరు. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి తెలుసుకునేంత చనువు మా మధ్యన లేదు.

మా అత్త పాకలో ఒక వాడుక ఉండాది. కాగితం గడ్డి, ప్లాస్టిక్ గడ్డి ఆమె పెట్టదు. పది దినాల ముందే రాగులు నానబెట్టి, పళ్లేల్లో మన్నుపోసి చల్లుతాది. పండగకి జానెడు పచ్చటి నారు వస్తాది. ఆ పళ్లేలన్నీ పాకలో పరిచి, బొమ్మల్ని ఆ పచ్చదనం మధ్యలో నిలబెడతాది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెంబుతో నీళ్లు చిలకరిస్తాది. పాకకి ముందర ఒక చీర అడ్డం కడతారు. పండగ ముందు దినం సాయంత్రం అందరి ముందరా ఆ చీర తీస్తారు, బాలయేసుని అప్పుడే తెచ్చి పడుకోబెడతారు. అంతవరకు ఆయన మా అత్త బీరువాలోనే ఉంటాడు.

ఆ ఆదివారం నేనే దగ్గరుండి బొమ్మల్ని పెట్టినాను. ఇంకా గట్టిగా నిలబడతారని ఒక్కొక్కరినీ ఆ తడిమన్నులోకి కొంచెం దిగేట్టు నొక్కినాను కూడా. చీర కట్టేసి, బడి ఉందని మదనపల్లెకి వచ్చేసినాను. ఇప్పుడు లెక్కేసుకోండి. మా నాయన ఏరిన విత్తనాలు, కింద తడిమన్ను, పైన రెండుపూటలా నీళ్లు, ముందర ఎండ తగలకుండా చీర. వ్యవసాయ శాఖవాళ్లు వచ్చినా అంతకన్నా బాగా ఏర్పాటు చెయ్యలేరు.

మంగళవారం సాయంత్రం అత్త ఫోన్ చేసింది. ఆమె ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

"సుగుణా, గొర్రెలు కొంచెం లావైనట్టుండాయమ్మా."

"చలికి ఊలు ఉబ్బుతాది అత్తా" అని చెప్పినాను. ఎక్కడ చదివినానో అడగొద్దండి, ఎక్కడా చదవలేదు.

"జోజప్ప కూడా లావెక్కినాడు."

"ఆయనదీ ఊలే గదత్తా."

అట్లనా అని పెట్టేసింది. బుధవారం మళ్లీ ఫోను. జోజప్ప ఎవరో తోసినట్టు ఒక పక్కకి ఒరిగినాడంట. ఆవు దూరంగా జరిగిందంట. పిల్లి దూరుతాందేమో అని ఆమె అనుమానం. అవునత్తా పిల్లే అయ్యుంటాది అని నేను ఆ పిల్లిమీదికి తోసేసినాను. ఆమె పెట్టేసే ముందర ఒక మాట అనింది, మాటలో మాటగా. "చర్చి పక్కన ఎవరో ఉలవలు నానబెట్టినట్టుండారు. పాక కాడికి పోతే ఒకటే వాసన."

ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి, ఉలవల మూట ఉండిన మూలని చూస్తా నిలబడినాను. మా ఆయన ఏమైందని అడిగితే చెప్పినాను. ఆయన మొదట నవ్వినాడు. తర్వాత వాళ్లమ్మ ఇన్నాసప్పకి ఇచ్చిన మాట గుర్తొచ్చినట్టుండాది, నవ్వు ఆపేసినాడు. అమ్మకి ఫోన్ చేసి చెప్పు అన్నాడు. మొదటేడు బొమ్మల్ని కరిగించి, రెండో యేడు వాళ్లని మొలిపించినానని ఏ మొహం పెట్టుకోని చెప్పేది?

పండగ ముందు దినం తెల్లారేసరికి పుంగనూరు దాటినాము. పలమనేరులో బస్సు మారినాము. కిటికీ పక్క కూర్చోని దేవుడితో బేరం పెట్టినాను, ఆ వాసన నిజంగానే పక్కింటి వాళ్ల ఉలవలదైతే ఉపవాసముంటానని. కుప్పంలో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా చర్చికి పోయి చీర పక్కకి లాగినాను.

పక్కింటి వాళ్లు పాపం ఏ తప్పూ చెయ్యలేదు. మా నాయన ఏరిన విత్తనాల్లో ఒక్కటీ వమ్ము కాలేదు. అల్లికలో ఏ సందు దొరికితే ఆ సందులోంచి తెల్లటి కాడలు తోసుకోని వచ్చి, తలమీద రెండేసి లేతాకులు విప్పినాయి. జోజప్ప అంగీ అంచంతా మొలకలే, చేతికర్ర పక్కన ఒకటి ఆయన భుజందాకా లేచింది. ఒక రాజు నడుం పగిలింది. గొర్రెల తెల్లబొచ్చు పోయి పచ్చబొచ్చు వచ్చింది. నా పుంగనూరు ఆవు కడుపు కుట్టు విప్పుకోని, లోపల ఉండేదంతా బయటపెట్టి నిలబడుకోనుండాది. మరియమ్మ ఒక్కతే కొంచెం పద్ధతిగా ఉండాది, ఆమెకి రెండే మొలిచినాయి. పైన కట్టిన దేవదూత మాత్రం కింద జరిగేదాంతో తనకేమీ సంబంధం లేనట్టు వేలాడతాండాది.

సంచిలోంచి కత్తెర తీసి మొలకల్ని కత్తిరించడం మొదలుపెట్టినాను. నాలుగో మొలకతో పాటు ఊలు తెగింది. అల్లిక ఎట్లాంటిదంటే ఒక్క పోగు తెగితే చాలు, వరస వరసా విడిపోతా వస్తాది. రాజు కాలు నా కండ్ల ముందరే విప్పుకోని పోయింది, లోపలి ఉలవలు మొలకలతో సహా నా ఒళ్లోకి రాలినాయి.

అప్పుడు వెనక ఇన్నాసప్ప దగ్గినాడు. ఎంతసేపయిందో ఆయన వచ్చి. పాక చూసినాడు, నా ఒళ్లో చూసినాడు. నవ్వు ఆపుకోను ఆయన పడే తిప్పలు మొహంలో తెలస్తాండాయి. అయినా పెద్దమనిషిగానే మాట్లాడినాడు. ఎందుకైనా మంచిదని ఫైబరు సెట్టు తెప్పించే పెట్టినాను, బయట ఆటోలోనే ఉండాది, అర్ధగంటలో మార్చేయొచ్చు, పెద్దమ్మకి నేను నిదానంగా చెప్తాలే అన్నాడు. నేను వద్దనలేకపోయినాను. ఏం చెప్పి వద్దనేది? పందెం పోయింది. పోగొట్టింది నేను, పోయింది మా అత్తది.

ఆ మాట ఆయన నోట్లో ఉండంగానే అత్త వచ్చింది, చేతిలో నీళ్లచెంబుతో.

పాక కాడికి వచ్చి వంగింది. జోజప్పని మన్నులోంచి పీకి కండ్ల దగ్గరికి తెచ్చుకునింది. వేలితో ఒక మొలకని తడిమింది. వేలు వాసన చూసింది. ఒళ్లో ఉలవలు పోసుకోని కూర్చున్న నా పక్క చూసింది. నాకు పోయినేటి టబ్బు కండ్ల ముందరికి వచ్చింది. ఇప్పుడు ఈమె అన్నం తిన్నావా అని అడిగితే నేను ఆడనే చచ్చిపోతాననిపించింది. అత్తా, లోపల ఉలవలు పోసినాను అన్నాను.

"ఏమే" అనింది అత్త.

నన్ను ఆమె ఏమే అని పిలవడం అదే మొదలు.

"ఏమే, చదువుకున్నదానివి, పిల్లోళ్లకి పాఠాలు చెప్పేదానివి, పచ్చి ఉలవలు తెచ్చి తడిమన్నులో పెడితే ఏమైతాదో తెలియదా నీకు? సేద్యం చేసే ఇంట్లో పుట్టినావా, యాడ పుట్టినావే? పోసినావు పో, అడిగితే చెప్పకూడదా? రహస్యమంట, రహస్యం. దినానికి రెండుసార్లు నా చేత్తోనే నీళ్లు పోయించినావు గదే. గొర్రెలు లావైనాయంటే చలికి ఊలు ఉబ్బిందంటావా? పిల్లంటావా? పోయిన యేడు నా బొమ్మలన్నీ నీళ్లలో కలిపేస్తివి. కొత్తపిల్ల, ఏమంటే ఏమనుకుంటాదో అని యేడాది పొడుగునా గమ్మునుంటిని. గమ్మునుండేకొద్దీ నీకు ఎక్కువైతాండాది. ఉలవలు వేయించి పోయాలనే బుద్ధి లేదా? వేయించింటే మొలకెత్తునా? వచ్చే యేడు వేయించి పొయ్యి."

ఈ తిట్లలో నాకు గట్టిగా వినపడింది రెండు మాటలు, వచ్చే యేడు. ఏడుపు ఆగలేదు, నవ్వూ ఆగలేదు, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చినాయి. మా ఆయన గుమ్మం కాడనే నిలబడిపోయినాడు. వాళ్లమ్మ అంత సేపు మాట్లాడడం ఆయన కూడా శానా దినాలకి విన్నాడు.

ఇన్నాసప్ప మెల్లగా ఆటో సంగతి ఎత్తినాడు. అత్త ఆయన పక్కకి తిరిగింది. "బాగలేకపోతే గదప్పా మీ బొమ్మలు పెట్టుకోమనింది. ఇది బాగలేదని ఎవరన్నారు? నీ ఫైబరు బొమ్మలకి నేను ఐదు దినాలు నీళ్లు పోసింటే ఒక్క చిగురన్నా వచ్చుండునా?"

పాపం అంతవరకు ఆపుకున్న ఇన్నాసప్ప బెంచీమీద కూర్చోని, కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వినాడు. నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకోని, "సరే పెద్దమ్మా, నీ పాక నీదే" అనేసి బయటికి పోయి ఆటోని వెనక్కి పంపించినాడు. పెట్టె విప్పను కూడా విప్పలేదు.

నేను లేచి అత్త చేతిలో చెంబు తీసుకోబోయినాను, ఇంకెందుకు నీళ్లని. ఆమె చెంబు వెనక్కి లాక్కునింది. "ఇప్పుడు నీళ్లు ఆపితే సాయంత్రానికి వాడిపోవా?" అని, జోజప్పని మళ్లీ తడిమన్నులో నిలబెట్టి, ఆయన తలమీదుగా నీళ్లు చిలకరించింది. నేను సంచిలోంచి క్రోషా సూది తీసి రాజు కాలు మళ్లీ అల్లినాను. ఆవు కడుపు కుట్టలేకపోయినాను, దాన్ని గోడపక్కకి తిప్పి పెట్టినాము.

సాయంత్రం చీర తీసినారు. వీధంతా నవ్వింది. ఫాదరు పుస్తకం అడ్డం పెట్టుకోని నవ్వినాడు. పిల్లోళ్లు పాక ముందర నించి లేవమంటే లేవలేదు, ఏ బొమ్మకి ఎన్ని మొలకలో వాళ్లు లెక్కపెట్టుకోవాలంట. మా అత్త పాక పక్కనే కుర్చీ వేసుకోని కూర్చోని, వచ్చినోళ్లకల్లా తనే చెప్పింది. మా కోడలు ఉలవలు పోసింది, అడిగితే రహస్యమనింది, చూడండి దాని రహస్యం ఎట్ల బయటపడిందో అని. ప్రతిసారీ ముందుకన్నా ఇంకొంచెం కలిపి తిట్టింది. బాలయేసుని మాత్రం నా చేతికిచ్చి, నువ్వే పడుకోబెట్టు అనింది. లోపల దూదే గదా అని ఒకటికి రెండుసార్లు నొక్కి చూసి మరీ ఇచ్చింది.

ఆ దినం మొదలైన తిట్లు ఈ దినం దాకా ఆగలేదు. చారులో ఉప్పెక్కువైతే తిడతాది, ఫోన్ చేయకపోతే తిడతాది, ఫోన్ చేస్తే డబ్బులు దండగ అని తిడతాది. నేను ఎదురు చెప్తాను. ఆమె ఇంకా గట్టిగా అంటాది. నాకు ఆ ఇంట్లో అంతకన్నా ఏం కావాల?

కాబట్టి ఈ సందర్భంగా, చదివే మీరందరూ సాక్షులుగా, కుడిచెయ్యి క్రోషా సూది మీద పెట్టి ప్రమాణం చేస్తాండాను. ఇంక ఈ జన్మలో ఏ బొమ్మ కడుపులోనూ పచ్చిగింజ పోయను. పోసేటట్టయితే వేయించి, చల్లార్చి, ఒకటి కొరికి చూసి మరీ పోస్తాను. లోపల ఏముందని మా అత్త అడిగితే, అడిగిన వెంటనే, ఎన్ని గింజలో కూడా కలిపి చెప్తాను.

ఇదంతా రాసి మా అత్తకి ఫోన్లో చదివి వినిపించినాను. చివరిదాకా విని, "ముందు వేయించేది నేర్చుకోవే, మాడ్చేస్తావు" అనింది.